కూడితే తొమ్మిది

ఇంజను మీది రేకు మూత విప్పేటప్పుడు మేస్త్రీ వేలు తెగింది. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. మూత అంచున ఎర్రటి చుక్క కనబడితే, ఇదెక్కడిదని కాసేపు చూసి, ఆ తర్వాత తన చేతులు తిప్పి చూసుకున్నాడు. కుడిచేతి చూపుడువేలు. గుడ్డపీలిక చుట్టుకుని, మూతను పాత పేపరు మీద బోర్లించాడు.

ఆరేళ్లుగా షుగరు. ముందు కాళ్లతో మొదలైంది. చెప్పు జారిపోయినా తెలియక ఒంటిచెప్పుతో వీధి చివరిదాకా నడిచేవాడు. ఎవరైనా నవ్వితే వెనక్కి వెళ్లి రెండోది తెచ్చుకునేవాడు. తర్వాత వేళ్ల కొసలు పోయాయి. ఇప్పుడు వేడీ చల్లనా, నునుపూ గరుకూ అన్నీ ఒకటే. మొదట్లో దీనికి ఏడుపొచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు, మొద్దుబారడం వేళ్ల దగ్గర ఆగినట్టు లేదు.

షెడ్డు మధ్యలో కప్ప ఉంది. అది కారు. ముందు దీపాలు రెండూ గుడ్లు తేలేసినట్టు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి గనక, వచ్చిన రోజే మేస్త్రీ భార్య దానికా పేరు పెట్టింది. రెండే సీట్లు. పైకప్పు లేదు, తలుపులకు బయట పిడులూ లేవు. వెనక చక్రం బురదలో దిగబడితే ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టేయొచ్చు, అంత తేలిక. ఊళ్లో పళ్ల డాక్టరుది, ఆయన తండ్రి వయసులో ఉన్నప్పుడు తోలిన బండి. తండ్రి పోయాక ఇరవై ఆరేళ్లు కోళ్ల కొట్టంలో పడి ఉంది. షెడ్డుకు తెచ్చిన రోజున సీట్లలో ఎలుకల కాపురం, అడుగురేకు జల్లెడ. రేకు కోసి అతకడానికి, తుప్పు గీకడానికి, దొరకని సామాను పక్క షెడ్డు లేత్ మేస్త్రీ చేత చేయించడానికి మూడేళ్లు పట్టింది.

సాయంత్రం నాలుగింటికి డాక్టరు వచ్చి తీసుకెళతాడు. బండి బాగుంటే మేస్త్రీ పేరు నిలుస్తుంది. బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో ఎవరో ఒకరు ఆరా తీస్తారు. పనితనమంటే ఆయనదేనని నలుగురూ చెప్పుకునే చేతులు రెండేళ్ల కిందటే పోయాయని బయటపడుతుంది. ఆయనకు మిగిలిన భయం అదొక్కటే.

ఒకసారి బయటపడబోయింది కూడా. వాల్వుకూ దాన్ని నొక్కే ఇనప చేతికీ నడుమ వెంట్రుకంత సందు ఉండాలి. ఆ సందులో పల్చటి ఉక్కు బ్లేడు పెట్టి లాగి చూస్తారు. కంటికి కనబడేది కాదు, వేలికి తెలియాల్సిందే. ఒకరి బండికి మేస్త్రీ ఆ సందు మరీ బిగించేశాడు. నెల తిరక్కుండా వాల్వు మాడిపోయింది. పెట్రోలు మంచిది కాదండీ అని బుకాయించాడు, వాళ్లు నమ్మారు. ఆరోజు ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని, కలపకుండా చేతులు చూసుకుంటుంటే భార్య అడిగింది. చెప్పాడు. ఆవిడ కుట్టుమిషను ముందు ముప్పయ్యేళ్లు కూర్చున్న మనిషి. ఆ బ్లేడు ఇలా ఇవ్వండి చూద్దాం అంది.

ఈవేళ కూడా పన్నెండింటికి క్యారియరు పట్టుకుని వచ్చింది. లోకానికి తెలిసింది అంతవరకే. మొగుడికి అన్నం తెస్తుంది, ఉన్న కాసేపూ సీట్లకు తోలు కుడుతుంది. చెల్లెమ్మ ఎదురుగా కూర్చోకపోతే బావకు ముద్ద దిగదని లేత్ మేస్త్రీ గుమ్మంలోంచి ఎగతాళి చేశాడు. మీ ఆవిడ ఎదురుగా కూర్చుంటే మీకు దిగదటగా అన్నయ్యా అని ఆవిడ ఊరుకోకుండా అంటించింది. లేత్ మేస్త్రీ నవ్వుకుంటూ పోయాక షెడ్డు తలుపు ఓరగా వేసింది.

వేలికున్న అంగుస్తాను తీసింది. సూది గుచ్చుకోకుండా పెట్టుకునే ఇత్తడి టోపీ అది. తీసి, ఎప్పటిలాగే కారులో మీటర్ల పక్కనున్న అంచు మీద పెట్టింది. బ్లేడు అందుకుంది.

నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. ఏ వాల్వు పూర్తిగా కిందికి దిగి ఉందో చూసి, దాని అంకెతో కూడితే తొమ్మిది వచ్చే అంకె వాల్వు సందు సరిచేయాలి. ఆవిడకు లెక్క రెండోరోజుకే వచ్చేసింది. మేస్త్రీ ఇంజనును చేత్తో తిప్పుతూ, ఎనిమిది అన్నాడు. ఒకటి అంది ఆవిడ. ఆరు అంటే మూడు అంది. ఆయన స్క్రూ తిప్పడం, ఆవిడ బ్లేడు లాగడం. బిగువు అంటే వదులు చేశాడు, వదులు అంటే బిగించాడు. కుట్టులోంచి దారం లాగినట్టు పట్టీ పట్టనట్టు రావాలని ఆవిడే ఒక కొలత పెట్టుకుంది. కుదిరిన వాల్వు పక్కన బట్టల మీద గీసే సుద్దతో గీత పెట్టింది. ఆ మాటకి ఈ మాట, ఈ మాటకి ఆ మాట. పెళ్లైన ముప్పై నాలుగేళ్లలో ఇంత ఒబ్బిడిగా వాళ్లు మాట్లాడుకున్నది ఈ రెండేళ్లలోనే.

ఏడో వాల్వు దగ్గర ఆవిడ ఆగి, ఎడం భుజం నొక్కుకుంది. మిషను తొక్కి తొక్కి పట్టేసిందంది. రెండ్రోజుల నుంచీ అంటూనే ఉంది. రేపు డాక్టరుకి చూపిద్దామన్నాడు మేస్త్రీ. పళ్ల డాక్టరుకేనా, ఆయనైతే ఊరికే చూస్తాడంది. ఇద్దరూ నవ్వారు. ఎనిమిదో గీత పెట్టేసరికి ఒకటిన్నర.

అన్నం తిన్నాక ఆవిడ ఇంటికెళ్లి కాసేపు నడుం వాలుస్తుంది. ఈవేళ చెంగు దులుపుకుని లేచేసరికి మేస్త్రీ అన్నాడు.

"ఇంకో గంట ఉండవే. స్టార్టు చేసి చూడాలి. నువ్వు చెప్తే గానీ నాకు నమ్మకం కుదరదు."

ఆవిడ ఒక్కక్షణం తలుపు వైపు చూసింది. సరేనని తను కుట్టిన సీట్లో కూర్చుంది.

మేస్త్రీ రేకు మూత తిరిగి బిగించాక ఇంజను రెండో ప్రయత్నానికి అందుకుంది. వేడెక్కనిచ్చి, మేస్త్రీ ముందు రేకంతా పైకెత్తాడు. కప్పకు బానెట్టంటూ వేరే లేదు, మూతి మొత్తం దీపాలతో సహా నోరు తెరిచినట్టు లేస్తుంది. లేచాక ఇంజను దగ్గరున్నవాడికి సీట్లో మనిషి కనబడదు. గాలి పీల్చే కార్బొరేటర్లు రెండు. రెండూ ఒక్కలా పీల్చాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస ఒకదాని నోటి దగ్గర పెట్టి బుస వినాలి. తర్వాత రెండోదాని బుస. తేడా ఉంటే పావు చుట్టు. ఆవిడ అక్కడ తలుపు రేకు మీద అరచెయ్యి ఆనించి, వణుకు ఎలా ఉందో చెప్పాలి.

"ఎలా ఉంది?" అరిచాడు మేస్త్రీ.

"ఇంకా గునుస్తోంది."

పావు చుట్టు తిప్పాడు. "ఇప్పుడు?"

"ఇంకొంచెం, అంతే."

మళ్లీ పావులో సగం తిప్పాడు. ఇంజను చప్పుడు ఒక్కసారి సర్దుకుంది, పసిపిల్ల ఏడుపు మాని నిద్రలోకి జారినట్టు. ఆయన చెవికి కుదిరిందనే తోచింది.

"ఇప్పుడు?"

జవాబు రాలేదు. ఆవిడకది మామూలే, తేల్చుకునేదాకా నోరు విప్పదు. మేస్త్రీ ఆగాడు. మళ్లీ అడిగాడు. రాకపోయేసరికి, కుదరలేదన్నమాట అనుకుని ఇంకో పావు తిప్పాడు. చప్పుడు చెడింది. వెనక్కి తిప్పాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చెవి ఒకటే చెబుతోంది, ఇందాకటిదే సరైందని. కానీ తనను తాను నమ్మడం మానేసి రెండేళ్లయింది. ఇందాకటి చోటికే తెచ్చి ఆపి, గొట్టం చెవిలోంచి తీసి, ఏమంటావే అని అడుగుతూ మూతిరేకు దించాడు.

ఆవిడ తల సీటు మీదికి వాలి ఉంది. అరచెయ్యి తలుపు మీదే ఉంది, ఇంజను వణుకుకు వేళ్లు సన్నగా కదులుతున్నాయి. అది చూసి మేస్త్రీ ఒక నిమిషం నిలబడే ఉన్నాడు. దగ్గరికెళ్లి చెంప మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉందో లేదో తెలియలేదు. మెడ మీద వేలు పెట్టాడు. అక్కడ ఏదైనా కొట్టుకుంటోందో లేదో అదీ తెలియలేదు. అప్పుడు లేత్ మేస్త్రీని పిలిచాడు. గట్టిగా కూడా పిలవలేదు.

ఇద్దరూ కలిసి బల్ల మీద పడుకోబెట్టారు. లేత్ మేస్త్రీ అంబులెన్సుకు ఫోను చేసి, రోడ్డు మీదికి పరిగెత్తాడు. నాలుగు గంటలకని మూడున్నరకే వచ్చిన పళ్ల డాక్టరు ఆ వేళకే గుమ్మంలో అడుగుపెట్టాడు. ఆవిడ మణికట్టు పట్టుకుని చాలాసేపు చూశాడు. కనురెప్ప ఎత్తి చూశాడు. మేస్త్రీ వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. గుండె అయ్యుంటుందని, నొప్పి ఎక్కువసేపు ఉండి ఉండదని మెల్లగా అన్నాడు. ఇంటికి పోయి పడుకుని ఉంటే అని మేస్త్రీ మొదలుపెట్టి, ఆపేశాడు.

 ఇంజను కట్టేయాలని ఎవరికీ తట్టలేదు. అది ఒక్క గునుపూ లేకుండా తిరుగుతూనే ఉంది. దాని వైపు చూసి డాక్టరే ఏదో ఒకటి అన్నాడు.

"మా నాన్న ఉన్నప్పుడు కూడా ఇది ఇంత నిలకడగా తిరగలేదు. మీ చేతుల్లో ఏదో ఉంది మేస్త్రీ గారూ."

మేస్త్రీ తన చేతులు చూసుకున్నాడు. గుడ్డపీలిక నల్లబడి వేలికి అంటుకుపోయింది.

"నా చేతుల్లో ఏమీ లేదండీ. నావి పోయి రెండేళ్లయింది. బళ్లన్నీ ఆవిడ వేళ్లే చేశాయి."

డాక్టరు విన్నాడు. దుఃఖంలో అన్న మాటనుకున్నాడో, నమ్మాడో, భుజం మీద చెయ్యి వేశాడు. ఇన్నాళ్లూ గొంతులో అడ్డం పడ్డ మాట ఇంత తేలిగ్గా బయటికొచ్చి ఎవరికీ పట్టకుండా పోయిందని మేస్త్రీకి వింతగా అనిపించింది.

అంబులెన్సు వచ్చింది. ఆవిడను ఎక్కించి, లేత్ మేస్త్రీ ముందు కూర్చున్నాడు. మేస్త్రీ ఎక్కబోయి, ఇంజను సంగతి గుర్తొచ్చి లోపలికి వచ్చాడు. తాళం తిప్పితే కప్ప ఒకసారి కుదిపి ఆగిపోయింది. మీటర్ల పక్కన అంచు మీద అంగుస్తాను ఉంది. తీసి వేలికి తొడుక్కున్నాడు. చాలిందో చాల్లేదో, బిగువో వదులో తెలియలేదు.

మళ్లీ తీసి, ఇందాక ఎక్కడుందో అక్కడే పెట్టాడు. ఇత్తడి టోపీ, చిన్న చిన్న గుంటల నిండా సుద్ద, లోపల అంచు దగ్గర వేలు ఒరిసి ఒరిసి ఒకవైపే అరిగి ఉంది.