ఆర్డిత్ ఊపిరి

మొండితనంలో ఎమ్మెట్‌ను మించినవాడు అమెరికాలోని మోంటానా రాష్ట్రం మొత్తం గాలించినా దొరకడు. కళ్ళలో శుక్లాలు ముదిరాయి మొర్రో అని డాక్టరు మొత్తుకున్నా వినకుండా, బైనాక్యులర్లు మెడలో వేసుకుని చీకటితోనే కొండెక్కి కూర్చున్నాడు. పక్కన భార్య ఆర్డిత్, ఆమె ఒళ్ళో తుపాకీ. ఎల్క్ దుప్పిని వెతికి చూపించడం ఆయన పని, కాల్చడం ఆమె పని. పెళ్ళయినప్పటి నుంచీ అంతే.

వాళ్ళ వేట గుడారంలో ఒక ఆనవాయితీ ఉంది. రాయినో మొద్దునో చూసి దుప్పి అన్నవాడు ఆ పూట అందరి గిన్నెలూ తోమాలి. ఎమ్మెట్ తమ్ముడు వెండెల్ నోరు ఊరుకోదు కదా, "అన్నయ్యా, ఈసారి గిన్నెలు నీవే" అని నిన్న కదిపాడు.

"అదే జరిగితే గిన్నెలు తోమి ఇంటికి పోతా. మళ్ళీ ఈ కొండ ఎక్కితే ఒట్టు!" అన్నాడు ఎమ్మెట్.

అన్నాడంటే చేసే మనిషి. ఆర్డిత్‌కు ఆ తర్వాత ముద్ద దిగలేదు. ఆయన లేకుండా ఈ కొండ మీద ఒక్కతే కూర్చోవడం ఆమె ఊహకే అందలేదు.

తెల్లవారింది. లోయకు అవతల పచ్చిక మంచుతో తెల్లబడి ఉంది.

"అదిగో! పైన్ చెట్ల కింద. మగ దుప్పి!" అన్నాడు ఎమ్మెట్.

ఆర్డిత్ చూసింది. దుప్పీ లేదు, నా బొందా లేదు. ఏళ్ళ తరబడి అక్కడే పడి ఉన్న ఎండు మొద్దు అది.

"అవును, దుప్పే," అంది. "భలే పట్టావు. కానీ మరీ దూరం, వదిలేయ్."

ఎమ్మెట్ బైనాక్యులర్లు దించి పకపకా నవ్వాడు. "ఓసి అబద్ధాలకోరుదానా! అది మొద్దు."

"తెలిసే అన్నావా?"

"నాకంతా మసకేగా, ఏం తెలుస్తుంది? నల్లగా ఏదో కనబడితే ఈసారి తొందరపడి అనేశా. నువ్వు హాయిగా ఊపిరి తీసుకుంటున్నావు, అందుకని తెలిసింది. నిజంగా దుప్పి కనబడితే ఊపిరి బిగబడతావు. అప్పుడు నీ మొహం ఎటుంటే నేనూ అటు తిరిగి 'అదిగో' అంటా. మూడేళ్ళుగా నా వేట అదే."

ఈ మూడేళ్ళూ ఆర్డితే ముందు చూసి, ఆయన చూపించేదాకా ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఎంత గుట్టుగా నెట్టుకొస్తున్నానో అనుకుంది, పిచ్చిది.

"సరే, మొద్దును దుప్పి అన్నాను. మాట మాటే." ఎమ్మెట్ గొంతు తగ్గిపోయింది. "గిన్నెలు తోమి పోతా."

"నోర్ముయ్ ముసలోడా! నేనూ దుప్పే అన్నానుగా? ఇద్దరం తోముదాం. నువ్వు పోతే నేనూ పోతా. నువ్వు పక్కన లేని కొండ నాకెందుకు?"

ఎమ్మెట్ బైనాక్యులర్లు తీసి ఆమె మెడలో వేశాడు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి చేతికిచ్చాడు. ఆర్డిత్ ఒక గుక్క తాగింది. రెండో గుక్కకు మూతను నోటి దాకా ఎత్తి, అలాగే ఆగిపోయింది.

ఎమ్మెట్ ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూస్తున్న వైపుకే తల తిప్పి, "అదిగో," అన్నాడు మెల్లగా.