ఎమ్మెల్యే పెట్టిన పేరు

గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేంతదైంది గానీ, మణెమ్మ కూతురికి ఇంకా పేరు లేదు.

పేరు దొరక్క కాదు. తొట్టెల్లో వేసిన నాడే మణెమ్మ మనసులో ఒక పేరు ఉంది. అడ్డమల్లా మొగుడు చెన్నకేశవులు. అతను మాదాపూర్‌లో పార్టీ జీపు నడుపుతాడు. బిడ్డ పుట్టిన వారానికే ఏదో మీటింగులో ఎమ్మెల్యే భీమేశ్వరరావుకు వంగి దండం పెట్టి, "సార్, నా బిడ్డకు మీ నోటనే పేరు పడాలె" అన్నాడు. ఆయన కారెక్కుతూ భుజం తట్టి "తప్పకుండ వస్త" అన్నాడు. అంతే, ఆ మాట పట్టుకుని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాడు.

"పెద్దోళ్లు పెట్టిన పేరు ఊకెనే పోదే. రేపు ఏదన్న పని పడితే, సార్, మీరు పేరు పెట్టిన పిల్ల అని చెప్పుకోవచ్చు," అనేవాడు.

"ముందుగాల నన్ను పిలుసుకోనియ్యి. నువ్వు తర్వాత చెప్పుకుందువు," అనేది మణెమ్మ.

చలికాలంలో వస్తాడన్నారు, ఢిల్లీ వెళ్లాడు. ఎండాకాలంలో వస్తాడన్నారు, ఢిల్లీలో సర్కారే పడిపోయింది. అక్కడ సర్కారు పడిపోతే ఇక్కడ తన పిల్ల పేరెందుకు ఆగాలో మణెమ్మకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. ఒకసారి మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి కంప్యూటర్ల మేడ దగ్గర ఏదో శంకుస్థాపనకు వస్తున్నాడంటే, పిల్లకు కొత్త గౌను తొడిగి ఎండలో నిలబడ్డారు. కార్ల వరస దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆయన ఏ కారులో ఉన్నాడో కూడా తెలియలేదు.

ఆ రాత్రి పిల్లకు ఒళ్లు కాలిపోయింది. తెల్లారి దవాఖానలో నర్సు పేరు అడిగింది.

"ఇంక పెట్టలేదమ్మా."

"నడిచే పిల్లకు పేరు పెట్టలేదా? ఎందుకు?"

"ఎమ్మెల్యే సారు రావాలె."

నర్సు తలెత్తి చూసింది. "మా దవాఖానకు డాక్టరే టైముకు రాడు. నీ బిడ్డకు ఎమ్మెల్యే రావాల్నా?"

వెనక లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. మణెమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి మొగుడితో చెబితే, "గామెది వేరే పార్టీ అయ్యుంటది" అన్నాడు. అత్త కనకమ్మ మాత్రం, "పేరు లేని పిల్ల మీద అందరి కండ్లు పడ్తయిరా" అని రోజూ దిష్టి తీసేది. అత్త భయాలు మణెమ్మకున్న భయాలకు తోడై, పిల్ల తుమ్మినా ఇల్లంతా లేచి నిలబడేది.

వాళ్లుండేది కట్టుబడిలో ఉన్న అపార్టుమెంటు వెనక, రేకుల గదుల వరసలో. గదుల ముందే నీళ్ల సంపు. దాని మూత ఎప్పుడూ సగమే ఉంటుంది. ఒకరోజు మణెమ్మ బట్టలు పిండుతుంటే పిల్ల పాక్కుంటూ అటు బయల్దేరింది.

"బుజ్జీ! ఓ బుజ్జీ! బిడ్డా!"

వరసలో ఉన్న పిల్లలందరూ తిరిగి చూశారు, తన పిల్ల తప్ప. అక్కడ ప్రతి పిల్లా బుజ్జే. మణెమ్మ ఉరికిపోయి కాలు పట్టి లాగింది. సరిగ్గా అప్పుడే పక్క గుట్ట మీద బండ పేల్చారు. పిల్ల అదిరిపడి ఏడ్చింది. తల్లి అంతకన్నా ఎక్కువ ఏడ్చింది.

ఆ రోజు నుంచి ఎవరూ లేనప్పుడు చెవి దగ్గర "అనూషా" అని పిలవడం మొదలుపెట్టింది. అనూష వాళ్లూరి హెడ్మాస్టరు కూతురు. ఏడో తరగతి దాకా మణెమ్మ పక్కన కూర్చున్న పిల్ల. బడి మాన్పించి పత్తి చేలకు పంపాక, ఆ దారిన పోతుంటే హాజరు పిలవడం కిటికీలోంచి వినపడేది. అందులో మణెమ్మ పేరు ఉండేది కాదు. అనూష పేరు మాత్రం ఉండేది. పిలవగా పిలవగా పిల్ల ఆ మాటకు తల తిప్పి నవ్వడం నేర్చింది.

అంతలో ఓట్లొచ్చాయి. ఓట్లు వచ్చాయి కాబట్టి ఎమ్మెల్యే కూడా వచ్చాడు.

డప్పుల మధ్య జీపు ఆగింది. చెన్నకేశవులు పిల్లను ఎత్తి పైకి అందించాడు. భీమేశ్వరరావు గొంతు అప్పటికే పోయింది, కళ్లు నిద్రకు మూతలు పడుతున్నాయి.

"మొగపిల్లగాడా?"

"ఆడపిల్ల సార్!"

"విజయ!" అన్నాడాయన మైకులో. డప్పులు మోగాయి. పిల్ల ఆయన మెడలోని పూలదండ పీకి నోట్లో పెట్టుకుంది.

మణెమ్మ ధైర్యం చేసి జీపు పట్టుకుంది. "సార్, బండలు పేల్చేటప్పుడు జర ముందుగాల చెప్పుమనరాదు? పిల్లలు జడుసుకుంటున్నరు."

"గెలిచినంక చూద్దాం తల్లీ," అంటూ ఆయన పిల్లను దింపాడు. అప్పటికే పక్కగది నాగమణి తన కూతుర్ని పైకెత్తి పట్టుకుంది.

"నీ బిడ్డకు స్వప్న అని పేరుంది గదనే!" అన్నది మణెమ్మ.

"ఉంటే ఏమాయె? సారు వట్టిగ పెడ్తున్నడు గదా!"

ఆ పిల్లా విజయే అయింది. లారీ డ్రైవరు కూతురు విజయలక్ష్మి అయింది. జీపు మలుపు తిరిగేసరికి రేకుల గదుల్లో ఆడపిల్లలందరూ విజయలే.

"బుజ్జి పోయి విజయ వచ్చింది. ఏం లాభమాయె?" అన్నది మణెమ్మ ఆ రాత్రి.

"సారు పెట్టిండు. ఇగ దాని గురించి మాట్లాడకు," అన్నాడు చెన్నకేశవులు.

పోలింగు నాడు బడి ముందు ఆడవాళ్ల లైను గేటు దాటి రోడ్డు దాకా వచ్చింది. రోడ్డుకు అవతల తమ పార్టీ టెంటు కింద చెన్నకేశవులు ఓటరు చీటీలు రాసిస్తున్నాడు. పిల్లను అతని కాళ్ల దగ్గర వదిలి మణెమ్మ లైన్లో నిలబడింది. మెడ మాత్రం అటే తిప్పి ఉంచింది.

అందుకే ముందు ఆమే చూసింది. పిల్ల టెంటు గుంజ వదిలేసింది. దేన్నీ పట్టుకోకుండా అడుగులు వేస్తోంది, ఓటర్లను దింపి వెనక్కి తిరుగుతున్న ఆటోల వైపు.

"ఏమయ్యా! పిల్ల!"

చెన్నకేశవులు లేచి బల్లకు తట్టుకున్నాడు. "విజయా! ఏయ్ విజయా!"

లైన్లో నాగమణి చంకలోని పిల్ల తిరిగి చూసింది. లారీ డ్రైవరు పిల్ల తిరిగి చూసింది. తన పిల్ల నడుస్తూనే ఉంది.

"అనూషా!" మణెమ్మ గొంతు చీలిపోయింది. "అనూషా, ఆగు!"

పిల్ల ఆగింది. వెనక్కి తిరిగి, తల్లిని చూసి నవ్వి, దుమ్ములో చతికిలబడింది. ఆటో పక్క నుంచి పోయింది. చెన్నకేశవులు వచ్చి పిల్లను గుండెలకు అదుముకున్నాడు.

"అనూష ఎవరే?"

"నీ బిడ్డ. ఐదేండ్లకొకసారి వచ్చేటోడు పెట్టిన పేరు నేను రోజంత పిలవాల్నా? పిలిస్తే పలుకుతుందా?"

లైను కదిలింది. మణెమ్మ లోపలికి పోయి ఓటేసి, వేలి మీద సిరా ఆరకుండానే బయటికొచ్చింది. ఎవరికేసిందో అతను అడగలేదు. పిల్లను కొంచెం దూరంగా నిలబెట్టి, చుట్టూ చూసి, మెల్లగా "అనూషా" అంటున్నాడు. పిల్ల తిరుగుతోంది. మళ్లీ అంటున్నాడు. మళ్లీ తిరుగుతోంది.

"మరి సారు అడిగితే ఏం చెప్పాలెనే?" అన్నాడు మణెమ్మను చూసి.

మణెమ్మ పిల్లను చంకనేసుకుంది. "సారు మళ్ల వచ్చేటాల్లకు ఇది బడికి పోతుంటది. తన పేరు తనే చెప్పుకుంటది తియ్యి."