రెండు వేళ్లే

మా ఆయనది సెలూన్, ఇంటి ముందుగదిలోనే. కుర్చీలో ఎవరు కూర్చున్నా అడగడు, "రెండు వేళ్లే తీస్తా" అని మొదలెడతాడు. ఆయన రెండు వేళ్లంటే జానెడని వచ్చేవాళ్లందరికీ తెలుసు.

వాకిట్లో మొక్కలకూ అదే క్షవరం. అన్నీ గుండ్రంగా, బడిపిల్లల తలల్లా ఉంటాయి. వాటి మధ్య నేను తెచ్చుకున్న మొక్క ఒకటుంది. దాని పేరు పలకడానికి నోరు తిరగదు. చలికాలంలో ఆకులన్నీ రాలాక ఉత్త కొమ్మకు పూస్తుందని నర్సరీ ఆవిడ చెప్పింది. ఆరేళ్లయినా ఒక్క పువ్వు లేదు.

"ఈ చలికాలం కూడా పూయకపోతే పీకేసి అక్కడ బెంచీ వేస్తా" అన్నాడు. అప్పట్నుంచీ రోజూ కొమ్మకొమ్మా వెతుకుతున్నాను.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఓ రోజు ఆకుల మొదట్లో ఆవగింజంత బుడిపెలు కనిపించాయి. అన్నీ కొత్త కొమ్మల మీదే. అదే సమయానికి ఆయన, ఏటా లాగే, మొక్కల కత్తెరతో బయల్దేరాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆరేళ్లుగా ఈ మనిషి కత్తిరించి పారేస్తున్నవి మొగ్గలు!

"రెండు వేళ్లే."

"చెయ్యి వెయ్యండి, చూస్తా" అని అడ్డం నిలబడ్డాను. "అంత దురదగా ఉంటే నా జడ కత్తిరించండి."

"సెలూన్ ముందు ఈ జులపాలేంటే? వచ్చినవాళ్లు నవ్వరూ?"

"నవ్వనివ్వండి."

కత్తెర లాక్కుని పప్పుడబ్బాలో దాచేశాను. జనం నవ్వారు కూడా. "ముందు దానికి చెయ్యండి, నేను ఆగుతా" అన్నాడు పోస్టుమాస్టరు. మా ఆయన మొహం మాడిపోయింది. ఆకులు రాలి కొమ్మలు ఎండుపుల్లల్లా మిగిలాక, వాటి పక్కనే బెంచీకి కొలతలు తీసుకున్నాడు. నాకూ భయమేసింది. బయటపడితే ఒట్టు.

ఓ పొద్దున తలుపు తీయగానే వాసన గుప్పుమంది. ఆకు లేని కొమ్మల చివర్ల నిండా పసుప్పచ్చని పూలు! ఆయన్ని పిలిచాను. వచ్చి పూలున్న మేర చేత్తో కొలిచాడు. సరిగ్గా జానెడు.

"ఇన్నేళ్లూ నేనేనా?"

"మీరే." మెత్తగా చెప్పాలనిపించలేదు.

ఆ పూట పోస్టుమాస్టరు కుర్చీలో కూర్చున్నాడు. మా ఆయన గుడ్డ కప్పి దువ్వెన అందుకున్నాడు.

"ఎంత తియ్యమంటారు?" అని అడిగాడు.

నా చెవులతో విన్నాను. అయినా ఆ మొక్కల కత్తెర ఇంకా పప్పుడబ్బాలోనే ఉంది. ఇవ్వను.