పోహాన్ మరిచిపోయిన డబ్బా

నాలుగున్నరకి లేచి ఈ అద్దింట్లో ఉండే ఏడుగురికి బియ్యం కడుగుతాను. ఆరు డబ్బాలు సర్దుతాను. ఒకడికి ఉల్లికాడలు పడవు, ఇంకొకడికి గుడ్డులో పచ్చసొన గట్టిపడకూడదు. ఏడో మనిషిని నేను. నాకు డబ్బా అక్కర్లేదు. అందరూ వెళ్ళాక కుక్కర్ అడుగున అంటుకున్నది గీరుకుని సింక్ దగ్గరే నిలబడి తింటాను. తర్వాత రెండు బాత్‌రూములు, ఆరుగురి మట్టి బట్టలు. ఇందుకు మా గది అద్దెలో సగం తగ్గించారు. కుదిర్చింది నాతో కలిసి ఉంటున్న పోహానే. "నువ్వెలాగూ వండుతావుగా, ఇంకో ఐదుగురికి వండితే అరిగిపోతావా?" అన్నాడు. అద్దె అప్పటికే రెండుసార్లు పెరిగింది. మేం ఏరిన టమాటాలే దుకాణంలో కొనలేక, నలిగి పారేసినవి తెచ్చుకుంటున్నాం. కాదనలేకపోయాను.

తైవాన్ నుంచి ఇద్దరం ఏడాది వీసా మీద ఆస్ట్రేలియా వచ్చాం. రెండో ఏడాది ఉండనివ్వాలంటే ఎనభై ఎనిమిది రోజులు పొలం పని చేసుండాలి, ముప్ఫై ఒక్క ఏళ్ళు నిండకముందే అడగాలి. పోహాన్‌కి ఇరవై ఏడు. నాకు ఇంకో ముప్ఫై రెండు రోజుల్లో ముప్ఫై ఒకటి నిండుతాయి. టమాటాలు ఏరి పెట్టెల్లో సర్దే షెడ్డులో అరవై ఒక్క రోజులు చేశాను, అదీ పొలం పని కిందే లెక్క. మూడు వారాల కిందట నడుం పట్టేసి రెండు రోజులు పడుకున్నాను. పొలంలో కోత అయిపోయి అతనికి పని పోయిందీ అప్పుడే. మూడో రోజు వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. "షెడ్డులో ఆడవాళ్ళని తగ్గించేశారు. మోతలకి మగాళ్ళు కావాలని నన్ను తీసుకున్నారు," అన్నాడు. నేను ఏడిస్తే వీపు నిమిరాడు. "పిచ్చీ, నా వీసా వస్తే ఇద్దరికీ వచ్చినట్టేగా!" వీసా మీద ఒక్క పేరే ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. అయినా ఆ చెయ్యి హాయిగా ఉందని ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా వీపు మీద నాకే అసహ్యం.

వాళ్ళమ్మ తైవాన్ నుంచి ఫోన్‌లో ఓదార్చింది. "వాడికన్నా మూడేళ్ళు పెద్దదానివి, నువ్వే సర్దుకుపోవాలమ్మా. వచ్చేయ్, మూడో అంతస్తులో గది కడిగించి పెట్టా. నాకా మోకాళ్ళు పనిచెయ్యట్లేదు. వంటగదిలో ఓ చెయ్యి కావాలి." ఆవిడకి కావలసింది చెయ్యి. మిగతా నన్ను ఎక్కడ పెట్టుకోవాలో చెప్పలేదు.

ఈ రోజు పోహాన్ డబ్బా మరిచిపోయాడు. షెడ్డుకి తీసుకెళ్ళే వ్యాన్ కదిలేలోపు చెప్పులతో, ఏప్రన్‌తోనే పరుగెత్తాను. షెడ్డు చూసుకునే మౌరీన్ స్టీరింగ్ ముందు నుంచి తల బయటికి పెట్టింది.

"ఏయ్ యెన్‌జూ! లేచి తిరుగుతున్నావే! నడుం తగ్గిందా?"

"ఎప్పుడో తగ్గింది."

"మరి రెండు నెలలు మంచం దిగదన్నాడేంటి మీవాడు? నీ చోటు ఖాళీగా ఉంచుతానన్నా. వద్దు, నేనొస్తానన్నాడు. నీ చేతివేగం వాడికెక్కడిది? రోజూ వాడు సర్దిన టమాటా పెట్టెల్లో సగం వెనక్కొస్తున్నాయి."

వ్యాన్‌లో అందరూ ఫోన్లలోకి తలలు దించుకున్నారు. పోహాన్ మా భాషలోకి దిగాడు. "ఇంట్లో మాట్లాడుకుందాం. అందరి ముందూ వద్దు."

ఇరవై ఒక్క రోజులు ఇంట్లోనే ఉన్నాను కదా, ఎందుకు మాట్లాడలేదు? వారానికి ఆరు రోజుల చొప్పున, నాకింకా కావలసిన ఇరవై ఏడు రోజులు లెక్కేసుకున్నాను. ఈ రోజు మొదలుపెడితే సరిపోతాయి. రేపు కూడా సరిపోవచ్చు. ఎల్లుండికి చాలవు.

"దిగు," అన్నాను.

"నీకు మతిపోయిందా? చెప్పులేసుకుని పనికెళ్తావా?"

"బూట్లు షెడ్డులో ఉన్నాయి. నావి నేనక్కడే వదిలాను. దిగు."

"యెన్‌జూ, నేను మనకోసమే కదా..."

"బాబూ, నాకు టైమవుతోంది," అంది మౌరీన్. "ఆమె చోటు ఆమెకిచ్చెయ్."

దిగాడు. నేనెక్కి తలుపు లాక్కున్నాను. అద్దం మీద వేళ్ళతో కొట్టాడు. దించాను.

"మరి రాత్రికి ఆరుగురికీ వంట?"

అద్దం ఎక్కించాను. ఊరు దాటాక మౌరీన్ హాజరు పుస్తకం వెనక్కి అందించింది. ఈ రోజు గడిలో నా పేరు రాశాను. ఒళ్ళో డబ్బా ఇంకా కాలుతోంది. మూత తీశాను. పచ్చసొన మెత్తగా, అతనికి ఇష్టమైనట్టే ఉంది. ఆ ఇంట్లో వండటం మొదలుపెట్టాక నా వంట నేను కూర్చుని, వేడిగా తినడం ఇదే మొదలు.