ఎడమ తలుపు

"నువ్వు ఊరికే వచ్చి కూర్చుంటే చాలు" అన్నాడు గిరిప్రసాద్. బండి కొనే ముందు ఇంటి ఆడది ముందు సీట్లో ఒకసారి కూర్చుని లేవాలని వాళ్లమ్మ చెప్పిందట. ఆ కూర్చోవడం కోసం మోహన నాలుగింటికి లేచి, అత్తకు రెండు పూటలకూ వండిపెట్టి, పనికి సెలవు చెప్పి, మొగుడితో తిరుపతిలో బస్సెక్కి పలమనేరు వచ్చింది.

పుత్తూరు దగ్గర ఎముకలకు కట్టు కట్టే కొట్టంలో ఆమె పని. ఆడవాళ్ల చేతులూ కాళ్లూ తడిమి, విరుపు ఎక్కడుందో వేళ్లతో కనిపెట్టి, పసరూ గుడ్డుసొనా పూసి కట్టు కడుతుంది. పదమూడేళ్లుగా. పేరు మాత్రం కొట్టం నడిపే పెద్దాయనది. ఇంట్లో ఆ పనికి గుడ్డలు చుట్టడం అని పేరు. ఆ పనిలో ఆమెకు దక్కిన సుఖమంతా పోతూ ఒక గంట, వస్తూ ఒక గంట బస్సు. కిటికీ పక్కన కూర్చుంటే ఎవరూ నీళ్లడగరు. దానికీ లెక్క ఉంది. "సాయంత్రం ఏడు ఇరవై బస్సు ఎనిమిదిన్నరకు దింపుతాది. ఎనిమిది నలభై దాకా యాడున్నావు?" అని అడుగుతాడు గిరిప్రసాద్. బండి మాట వచ్చినప్పటి నుంచీ ఇంకో మాట చేరింది. "ఇంక నీకు బస్సెక్కే పని లేదు. నేనే దింపుతా, నేనే తెచ్చుకుంటా." వాళ్లమ్మ మురిసిపోయింది. ఆ రోజు నుంచి మోహనకు అన్నం సహించడం లేదు.

తెల్లటి పెద్ద డీజిలు బండి. అమ్మే ఆయన పేరు బాలచంద్ర. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, మెత్తటి మాట. బేరానికి తోడొచ్చిన మెకానిక్కు సలావుద్దీన్ మొదట బానెట్టు మీద చెయ్యి పెట్టి చూశాడు. "సల్లగా ఉండాది. మంచిది. మనమొచ్చే లోపల వేడి చేసిపెట్టింటే అనుమానపడాల్సి వచ్చేది."

"సింగిల్ ఓనర్ అప్పా. నేను తప్ప ఎవురూ తోలలేదు" అన్నాడు బాలచంద్ర.

ఇంజను పెద్దగా దగ్గి అందుకుంది. ఆయిలు మూత తీసి పొగ చూశారు. వెనకాల గొట్టం దగ్గర చెయ్యి పెట్టి నలుపు చూశారు. సలావుద్దీన్ గోనెపట్ట పరుచుకుని కిందికి దూరి తుప్పు చూశాడు. "మే, నువ్వు పోయి కూర్చో" అన్నాడు గిరిప్రసాద్. మోహన ఎడమ వైపు ఎక్కి తలుపేసుకుంది.

సీటు ఆమె కోసమే జరిపిపెట్టినట్టు ఉంది. మోకాళ్లకు సరిగ్గా చోటు, నడుముకు సరిగ్గా పల్లం. అంత ఇస్త్రీ మనిషి బండిలో ఆ పల్లం ఒక్కటే నలిగి ఉంది. ఎడమ చెయ్యి తలుపు మీద ఆనించబోతే వేళ్లకు సన్నటి గీతలు తగిలాయి. వంగి చూసింది. హ్యాండిల్ చుట్టూ వంకర వంకరగా, ఒకదాని మీద ఒకటి, వందల గీతలు. తన గాజులు తాకించి చూసింది. సరిగ్గా అదే ఎత్తు.

దిగుదామని హ్యాండిల్ లాగింది. అది వదులుగా ఊగింది. తలుపు రాలేదు. అద్దం మీట నొక్కింది. దిగలేదు. పలమనేరు చలికి ఆమె ఊపిరి అద్దం మీద మంచులా పట్టింది, ఆ మంచులో మెల్లగా ఒక అరచెయ్యి తేలింది. చిన్నది. ఎడమది. వేళ్లు చాచి అద్దానికి అదిమిపెట్టిన చెయ్యి. మోహన తన చేతిని దానికెదురుగా పెట్టింది. సరిపోయింది. పిడికిలితో అద్దం కొట్టింది. ఇంజను చప్పుడులో మగవాళ్లు తల ఎత్తలేదు.

కాసేపటికి బాలచంద్రే చూసి, చుట్టూ తిరిగొచ్చి, బయటి నుంచి తలుపు తీసి పట్టుకున్నాడు. "దానికి లోపల పనిచెయ్యదమ్మా. మా ఇంట్లో ఆమె ఉన్నపుడు గూడా నేనే దిగొచ్చి తీసేవాణ్ణి."

అప్పుడు గుర్తొచ్చాడు. మోహనకు ముఖాలు నిలవవు, ఎముకలు నిలుస్తాయి. నిరుడు కొట్టం ముందు తెల్ల బండి ఆగింది, ఒకాయన చుట్టూ తిరిగొచ్చి పెళ్లానికి తలుపు తీసి పట్టుకున్నాడు. కట్టుకు వచ్చిన ఆడవాళ్లంతా చూశారు. "మొగుడంటే అట్లుండాల" అంది ఒకామె. మోహన కూడా అనుకుంది. లోపల ఆయనే చెప్పాడు, బాత్రూములో జారిందని. ఆమె చెయ్యి చాపింది. కుడి మణికట్టు. జారి పడితే ఎముక నలుగుతుంది. ఇది తడిబట్ట పిండినట్టు మెలి తిరిగింది. బండి తోలేవాడి వైపు చెయ్యి. మోహన వేళ్లకు తెలిసింది. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె మోహన కళ్లలోకి చూసింది. మోహన తల దించుకుని కట్టు కట్టింది. రెండో కట్టుకు వచ్చారు. మూడో కట్టుకు రాలేదు.

సలావుద్దీన్ తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. "అరిగింది కాదక్కా. హ్యాండిల్ నుంచి గడియకు పోయే కమ్మీ విప్పి, గడగడలాడకుండా పక్కకు కట్టేసినారు. కావాలని చేసిందే."

కట్టింది ఒక గుడ్డపేలికతో. నాలుగు వేళ్ల వెడల్పు, చివర రెండు తోకలుగా చీల్చింది. మీద ఎండిపోయిన ఆకుపచ్చ మరక. మోహన వాసన చూడాల్సిన పని లేదు, అయినా చూసింది. తను చించిన గుడ్డ. తను నూరిన పసరు.

"మీ ఇంట్లో ఆమె ఇప్పుడు యాడుండాది?" అని అడిగింది.

బాలచంద్ర చొక్కా మడత సర్దుకున్నాడు. "పోయిందమ్మా. కార్తీకానికి ఏడాది."

"ఎట్ల పోయింది?"

"జారి పడింది."

గిరిప్రసాద్‌కు విసుగొచ్చింది. "నీకెందుకు మే ఆ విసారణ? సలావుద్దీనూ, అట్ట బిగించెయ్యప్పా, ఇంజను బాగుండాది గదా. ఆ కమ్మీ అట్లే ఉండనీ. దిగాలంటే నేనే తీస్తా." ఎడమ తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కు. ఒక రౌండు పోయొద్దాం."

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో అతను ఆమెకు తలుపు తీసి పట్టుకోవడం అదే మొదలు.

"నువ్వు కొనుక్కో. నేనెక్కను" అంది మోహన. పేలిక కొంగున ముడేసుకుని బస్టాండుకు నడిచింది. వెనక నుంచి పిలిచాడు, మొదట పేరు పెట్టి, తర్వాత తిట్టి.

బండి కొన్నాడు. అది ఇంటి ముందర ఉంటుంది. మోహన బస్సులోనే పోతుంది, ఏడు ఇరవై బస్సుకే వస్తుంది, కిటికీ పక్కన కూర్చుంటుంది. ఎనిమిది నలభై దాకా యాడున్నావని అడిగితే బస్సులో అంటుంది. రెండోసారి చెప్పదు.

ఆ వారమే కొట్టానికి ఒక పిల్ల వచ్చింది, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని. పక్కన మొగుడు. "బాత్రూములో..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు బయటుండన్నా" అంది మోహన.

"నేనుంటే ఏమైతాది? దానికి మాట్లాడేది రాదు."

"ఎముక నాతో మాట్లాడతాది. నువ్వు పో."

అతను గడప దాటేదాకా చూసి, తలుపు మూసి, లోపలి నుంచి గడియ పెట్టింది.