అప్పలనర్సమ్మ గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసును. నా ఒంటి మీద ‘అప్పలనర్సమ్మ’ అని చెక్కి ఉంటుంది. గిన్నె కొన్నా గరిటె కొన్నా వెంటనే పేరు కొట్టించడం ఆమె పట్టుదల. పేరు పొడుగు, నేను పొట్టి. చివరి అక్షరం అంచు మీదికి ఎక్కేసింది.

ఆమె కొడుకు పైడిరాజు మా కాలనీ యువజన సంఘానికి నాయకుడు. కాలనీ పక్కనే మందుల ఫ్యాక్టరీ. దాని మురికి ఇంకి బోరు నీళ్లు పచ్చబడ్డాయి, ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో మంచానపడ్డారు. నది నీళ్ల పైపు వేసేదాకా మెతుకు ముట్టనని పైడిరాజు టెంటు కింద కూర్చున్నాడు. ఆ కుర్రాడు నిజంగానే తినలేదు. కళ్లు లోతుకు పోయాక మంత్రిగారు వచ్చి, వేసవికల్లా నీళ్లిస్తామని మాటిచ్చి, నిమ్మరసం తాగిస్తానన్నారు. గ్లాసు సంగతి అందరూ మరిచారు. అప్పలనర్సమ్మ ఇంటికి పరిగెత్తి నన్ను తెచ్చింది.

వేసవి వచ్చింది, పైపు రాలేదు. పైడిరాజుకి మాత్రం మంత్రిగారి పార్టీ టిక్కెట్టు వచ్చింది. కౌన్సిలరయ్యాడు, పెద్దవీధిలో ఇల్లు కట్టాడు, నన్ను అద్దాల బీరువాలో పెట్టాడు. పోరాటానికి గుర్తట. అలా ఉండనిచ్చినా బాగుండేది. ఊళ్లో ఎవరు దీక్షకు కూర్చున్నా పార్టీ అతన్నే పంపేది, అతను నన్ను వెంటబెట్టుకెళ్లేవాడు. తానూ ఈ గ్లాసుతోనే దీక్ష విరమించానని చెప్పేవాడు. అంగన్‌వాడీ ఆయాలు తాగారు, మున్సిపల్ కార్మికులు తాగారు. ఒక్కరి కోరికా తీరలేదు. నాకు సిగ్గేసేది, అతనికి అలవాటైపోయింది.

అప్పలనర్సమ్మ కాలనీ వదిలి కొడుకింటికి వెళ్లలేదు. అందరూ తాగే నీళ్లే తానూ తాగుతానంది, తాగింది. చివరికి ఆమె కిడ్నీలూ పోయాయి. ప్రాణం పోయేవేళ తులసి నీళ్లు పొయ్యడానికి పైడిరాజు నన్నే తెచ్చాడు. ఆమె వేలితో తడిమి తన పేరు పోల్చుకుంది.

“పైపు నీల్లేనేటిరా?” అంది.

ఊరందరినీ ఒప్పించి తాగించినవాడు నన్ను ఆమె నోటి దగ్గర వంచాడు. ఆమె పెదవులు బిగించింది. నీళ్లు చెంప మీదుగా దిండులోకి పోయాయి.

ఇప్పుడు కాలనీ ఇంట్లో ఆమె ఫొటో ముందు ఉంటాను. పోయినవాళ్లకీ దాహమేస్తుందని పక్కింటివాళ్లు రోజూ నాలో నీళ్లు మారుస్తారు. అందుకోసం పైడిరాజు మినరల్ వాటర్ టిన్ను పంపిస్తున్నాడు. నిన్నటి నీళ్లు ఎవరూ పారబొయ్యరు. పిల్లలకి తాగిస్తారు.