పై గది కప్పు

గ్లాస్‌వూల్ మెత్తగా ఉంటుంది కానీ తడిస్తే పనికిరాదు, థర్మోకోల్ తేలిక, నిప్పు తగిలితే ప్రమాదం, ఫోమ్ అయితే సందుసందులోకీ పోయి గట్టిపడుతుంది, కప్పుల పని చేసే మేస్త్రి మూడు ముక్కలూ నా చేతిలో పెట్టి వేడి దిగకుండా ఏది వేయమంటారండీ అంటున్నాడు, నాకేం తెలుసు, నేనీ పై గదిలోకి వచ్చి ఎన్నాళ్లయిందో, వచ్చిన రెండు నిమిషాలకే చొక్కా వీపుకు అంటుకుపోయింది, ఈ రేకుల కింద అక్క నాలుగేళ్లు కూర్చుని బట్టలెలా కుట్టిందో, బావ పోయాక కుట్టుమిషనూ ఒక పెట్టే పట్టుకొచ్చి నాకా పై గది చాల్రా తమ్ముడూ అంది, నేను హమ్మయ్య అనుకున్నాను, కింద మాకే ఇరుకు మరి.

ఎక్కడైనా కారుతుందాండీ, ముందు అది చూడకపోతే ఏది వేసినా దండగే, అంటున్నాడు మేస్త్రి, కారుతుందా, ఏదో మూల బేసిన్ ఉండేది, ఎందుకని ఏనాడూ అడగలేదు, పోనీ ఎండ ఏ వైపు ఎక్కువండీ, అదీ అక్కకే తెలుసు, మేస్త్రి వంగి గచ్చు చూస్తున్నాడు, మిషన్ మూడు చోట్లకి జరిపినట్టున్నారే అంటున్నాడు, అవును, కిటికీ దగ్గర, తలుపు పక్కన, గోడవార, ఇనప కాళ్ల గీతలు, ఎండ వెంటపడుతుంటే మిషన్ ఈడ్చుకుంటూ తప్పించుకు తిరిగినట్టు.

అడిగింది, ఒక్కసారే, నాకు అన్నం వడ్డిస్తూ, కప్పు కింద ఏదో వేస్తారటగా, వేడి దిగదట, అంది, చూద్దాంలే అక్కా అన్నాను, ఆ నెలే మా పడగ్గదికి ఏసీ బిగించాం, దాని బయటి పెట్టె ఎక్కడ పెట్టమంటారంటే పై గది కిటికీ పక్కనే పెట్టమన్నాను, చల్లదనం మాకు, మా గదిలోని వేడంతా అక్క మొహాన, ఆమె కిటికీ మూసుకుంది, పోయినేడు బట్టల కార్ఖానాలో పని దొరికి వెళ్లిపోతూ, అక్కడ గోడలకి పెద్ద పెద్ద ఫ్యాన్లున్నాయిరా అంది, పండగలా చెప్పింది, నేను నవ్వాను కూడా.

మంగళవారం అమ్మాయి పుస్తకాలు పైకి తెచ్చుకుంది, ఒక్క పూట కూర్చుని, నాన్నా, ఉడికిపోతున్నాను అంది, గురువారానికల్లా మేస్త్రిని పిలిచాను.

కారేదెక్కడో కనుక్కోవాలి కదా, అక్కకి ఫోన్ చేశాను, వెనక మిషన్ల హోరు, తూర్పు మూల, మూడో రేకు బోల్టు దగ్గర, అని తడుముకోకుండా చెప్పింది, ఇప్పుడెందుకురా, ఏం లేదక్కా, అమ్మాయి చదువుకుంటుందని కప్పుకి ఫోమ్ కొట్టిస్తున్నాను, మంచి పని చేస్తున్నావురా, పిల్ల తట్టుకోలేదు, అంది, గొంతులో నిష్ఠూరం లేదు, ఉన్నా బాగుండేది, ఫోమే వేయండి అని మేస్త్రికి చెబుతున్నాను, తెలియక చేయలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను, ఈ వేడి నాకు అప్పుడూ తెలుసు, అందులో ఉన్నది అక్క గనక ఆగగలిగాను.